తలుపు బయట విడిచిన కర్ర

కరోనా ఆంక్షలు పూర్తిగా తొలగిన మరుసటి సంవత్సరం, సెప్టెంబరు మొదటి వారంలో, నన్ను ఒక అప్పీలు బోర్డుకు మూడవ సభ్యురాలిగా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను కువైట్‌లో, అబూ హలీఫాకు సమీపంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగాధిపతిని. పదవీ విరమణకు ఎంతో దూరం లేదు. షువైఖ్‌లో గిడ్డంగులు నడిపే ఒక సంస్థ, పనిలో గాయపడి తిరిగి తేలికపాటి విధుల్లో చేరిన ఉద్యోగులకు ‘చలన సౌకర్యం’ పేరిట ప్రయాణ సహాయం కల్పించేది. వారి వైద్య పరీక్షలను మా ఆసుపత్రే చూసేది కనుక, బోర్డులకు సభ్యులను కూడా మా నుంచే కోరేవారు.

ఆ సౌకర్యానికి రెండు స్థాయిలు ఉండేవి. పూర్తి స్థాయి అంటే ఉద్యోగి నివసించే భవనం గుమ్మం నుంచి పనిచేసే చోటి గుమ్మం వరకు సంస్థ కారు. తగ్గిన స్థాయి అంటే రహదారి మీద నియమిత స్థలంలో ఆగే సంస్థ బస్సు. ఆ స్థలం వరకు రావడం, దిగిన తరువాత వెళ్లడం ఉద్యోగి బాధ్యత. స్థాయిని వైద్య బోర్డు నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయాన్ని ప్రశ్నిస్తే అప్పీలు బోర్డు వింటుంది. అప్పీలు బోర్డు సభ్యులెవరూ మొదటి బోర్డులో ఉండి ఉండకూడదు. విచారణకు ముందు అర్జీదారుతో గాని, మొదటి బోర్డు వారితో గాని మాట్లాడకూడదు. ఈ నిబంధన సబబైనదని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

అర్జీదారు పేరు చెన్నకేశవులు. అన్నమయ్య జిల్లా వాడు. షువైఖ్ గిడ్డంగిలో సరుకు ఎత్తించే పనిలో ఉండగా టైల్స్ పెట్టెల దొంతర కుడి కాలి మీద కూలింది. తొడ ఎముక విరిగి అతుక్కుంది గాని, పాదాన్ని పైకి లేపే నరం తిరిగి కోలుకోలేదు. దీన్ని మేము ‘ఫుట్ డ్రాప్’ అంటాము. మడమ నేల మీద ఉండగా మునివేళ్లు పైకి లేవవు. అడుగు వేసేటప్పుడు పాదం కిందికి వాలి, వేళ్లు నేలకు తగిలి మనిషి బోర్లా పడే ప్రమాదం ఉంటుంది. దానికి విరుగుడుగా బూటు లోపల, పిక్క వెనుక నుంచి అరికాలి వరకు ప్లాస్టిక్ స్ప్లింట్ ఒకటి ధరింపజేస్తాము. కేశవులుకు స్ప్లింటూ, చేతికర్రా రెండూ మంజూరయ్యాయి. పూర్తి స్థాయి చలన సౌకర్యం కూడా మంజూరైంది. తరువాతి వార్షిక సమీక్షలో వైద్య బోర్డు దాన్ని తగ్గించింది. కారు పోయి బస్సు మిగిలింది.

అర్జీలో ఉన్న విషయం సూటిగా ఉంది. అబూ హలీఫాలో అతడు ఉండే గది నుంచి బస్సు ఆగే చోటికి నడవలేకపోతున్నాడు. బస్సు తప్పిపోయి పనికి ఆలస్యమవుతున్నాడు. గిడ్డంగి మేనేజరు రాతపూర్వకంగా హెచ్చరించాడు. ఇఖామా, అంటే నివాస అనుమతి, పునరుద్ధరణ నెల దగ్గర పడుతోంది. హెచ్చరికలు ఉన్నవాడికి సంస్థ పునరుద్ధరణ చేయించదు. కారు తిరిగి రాకపోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటు దేశమూ విడవాలి. విరిగిన కాలితో మరొక చోట అతడికి పని దొరికే అవకాశం లేదని నాకు చెప్పవలసిన అవసరం ఎవరికీ లేదు.

నన్ను ఇబ్బంది పెట్టినది మొదటి బోర్డు నివేదిక. అందులో కండరాల పరీక్ష ఉంది. కండర బలాన్ని మేము సున్నా నుంచి ఐదు వరకు అంచనా వేస్తాము. పాదాన్ని లేపే కండరానికి ‘ఒకటి’ అని రాశారు. అంటే కండరం అదిరినట్లు వేలికి తెలుస్తుంది గాని పాదం కదలదు. ఆ కిందనే, అర్జీదారు ఏ సాధనమూ లేకుండా నడచి బోర్డు ముందుకు వచ్చాడనీ, స్ప్లింట్ ధరించి లేడనీ, నడవగలనని స్వయంగా చెప్పాడనీ, కనుక సాధనాల అవసరం తీరిందని భావించామనీ ఉంది. ఈ రెండు అంశాలూ ఒకే మనిషికి చెందినవిగా తోచలేదు. పరీక్షలో పొరపాటు జరిగిందా? లేక మనిషి ఒకచోట నటించాడా? నటిస్తే ఎక్కడ?

ఆ వారమంతా నాకు కుదురు లేదు. ఆసుపత్రిలో రోగిని సమాంతర కడ్డీల మధ్య నడిపిస్తూ అతడి పాదాలకు బదులు నివేదికలోని వాక్యాలను చూసేదాన్ని. కారులో సిగ్నలు దగ్గర ఆగినప్పుడు బస్సు స్టాపుల్లో నిలబడ్డవారి కాళ్లను పరిశీలించేదాన్ని. అర్జీదారు గది మా ఆసుపత్రికి బహుశా నాలుగు వీధుల దూరంలో ఉంటుంది. ఒక్క ఫోనుతో తేలిపోయే సందేహం అది. కాని ఫోను చేయడానికి వీల్లేదు. నిబంధనలు నాకు ఎన్నడూ భారం కాలేదు. ఆ వారం మాత్రం కుర్చీలో కూర్చోనివ్వలేదు.

విచారణ షువైఖ్‌లోని సంస్థ కార్యాలయంలో, కింది అంతస్తులో జరిగింది. బోర్డు అధ్యక్షుడు డాక్టర్ ఆదిల్, ఎముకల శస్త్రవైద్యుడు, ఈజిప్టు దేశస్థుడు. మితభాషి, గడియారం వంక తరచుగా చూసే అలవాటు ఉన్నవాడు. రెండవ సభ్యుడు సంస్థ పరిపాలనా విభాగం నుంచి రవీందర్, హైదరాబాదు వాడు, నా కంటే చాలా చిన్నవాడు. ఆ గదిలో గోడ నుంచి గోడకు ఎర్రటి మందపాటి తివాచీ పరచి ఉంది. మేము ముగ్గురం బూట్లతోనే దాని మీద నడిచి లోపలి వైపు బల్ల వెనుక కూర్చున్నాము. అర్జీదారు కుర్చీ తలుపుకు నాలుగడుగుల దూరంలో ఉంది.

పిలుపు వెళ్లింది. తలుపు తెరుచుకుని కేశవులు లోపలికి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన తల. చేతిలో కర్ర లేదు. కుర్చీ వరకు వచ్చి, కూర్చోకుండా, దాని వీపు పట్టుకుని నిలబడి మా ముగ్గురికీ నమస్కారం పెట్టాడు. డాక్టర్ ఆదిల్ ఒకసారి నివేదిక వంక, ఒకసారి అతడి వంక చూశాడు. రవీందర్ తన ముందున్న కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

కూర్చోమని అధ్యక్షుడు సైగ చేశాడు.

“పర్వాల్యా సార్, నిలబడ్తా,” అన్నాడు కేశవులు.

మొదటి బోర్డు అతడితో వచ్చీరాని హిందీలో మాట్లాడినట్లు రికార్డులో ఉంది. ఈసారి ప్రశ్నలు తెలుగులోనే అడిగి, జవాబులను ఆంగ్లంలో అధ్యక్షుడికి చెప్పే పని నాకు అప్పగించారు. సభ్యురాలే దుభాషి కావడం పద్ధతి కాదని నేను అభ్యంతరం చెప్పాను. రవీందర్‌కు తెలుగు వచ్చు కనుక నేను తప్పుగా చెప్తే ఆయన సరిదిద్దవచ్చునని అధ్యక్షుడు తీర్మానించాడు. అది రికార్డు చేయించిన తరువాతనే మొదలుపెట్టాను.

అధ్యక్షుడు వేయించిన మొదటి ప్రశ్న, నడవగలుగుతున్నారా అని.

“నడుస్తాండా తల్లీ. దేవుడి దయ, మీయట్లా పెద్దోళ్ల దయ.”

నొప్పి ఉందా అని రెండవది.

“యాడన్నా రోంత. అది యా లెక్క.”

నేను ఉన్నదున్నట్లు అనువదించాను. రవీందర్ తల ఊపాడు. మా వృత్తిలో ‘నడవగలరా’ అనేది ఎందుకూ పనికిరాని ప్రశ్న. దానికి జవాబు మనిషి మర్యాదను బట్టి వస్తుంది. అడగవలసినది ‘ఇక్కడికి ఎలా వచ్చారు’ అని. అధ్యక్షుడి అనుమతితో ఆ ప్రశ్న వేశాను.

“బస్సులో వచ్చినా తల్లీ. తెల్లారకముందే బయల్దేరినా.”

“ఇగ సూడుండ్రి మేడమ్,” అన్నాడు రవీందర్ నెమ్మదిగా, నాకు మాత్రమే వినిపించేలా. “బస్సు ఇచ్చినం, బస్సుల వచ్చిండు. ఇంక అప్పీలేంది?”

అధ్యక్షుడు పెన్ను మూత తీశాడు. అర్జీదారు తన అర్జీని తన నోటితోనే కొట్టివేస్తున్నాడు. అతడికి ఆ సంగతి తెలియదని ముఖం చూస్తే అర్థమవుతోంది. పెద్దల ప్రశ్నలకు తగిన జవాబులు చెప్పిన తృప్తి ఆ ముఖంలో ఉంది. నేను బల్ల కింద కాళ్లు కదుపుతూ కూర్చున్నాను. నా చూపు అతడి ముఖం మీద నిలవలేదు. కుర్చీ వీపును పట్టుకున్న చేతి మీదికి వెళ్లింది. వేలి కణుపులు తెల్లబడి ఉన్నాయి. అక్కడి నుంచి కిందికి వెళ్లింది. కుడి కాలు నేలను తాకుతోంది గాని దాని మీద బరువు లేదు. పాదాలకు ఏమీ లేవు.

“మీ బూట్లేవి?” అని అడిగాను.

ఆ ప్రశ్నకు అతడు మొదటిసారి తడబడ్డాడు. “బైట ఇడిసినా తల్లీ. ఇంత మంచి జంఖానా పర్సినారు. పెద్దోళ్లు కూసున్న చోటికి బూట్లతో యాడ వచ్చేది?”

“పోయినసారి బోర్డుకు వచ్చినప్పుడు?”

“ఎప్పుడైనా అంతే తల్లీ.”

విరామం కోరుతున్నానని అధ్యక్షుడికి చెప్పి, లేచి వెళ్లి తలుపు తెరిచాను. గోడ వారగా ఒక జత నల్ల బూట్లు, కొనలు బయటి వైపుకు తిరిగి, వరుసగా పెట్టి ఉన్నాయి. కుడి బూటులో స్ప్లింట్ నిలబడి ఉంది. పక్కనే చేతికర్ర నేల మీద పడుకోబెట్టి ఉంది. వాటికి కాపలాగా ఒక స్త్రీ గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి గబుక్కున లేచి కొంగు సర్దుకుంది. కేశవులు భార్య రమణమ్మ. జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేస్తుందట. తాను ‘మామా’ అని పిలిచే ఇంటి యజమానురాలిని అడిగి పూట సెలవు తీసుకుని, ఆ ఇంటి డ్రైవరుతో వచ్చింది.

“కర్ర లోపలికి ఎందుకు తీసుకురాలేదు?” అని అడిగాను.

“నన్నడగాకమ్మా, ఆ మారాజునే అడుగు,” అంది రమణమ్మ, గొంతు తగ్గించకుండా. “నేను మొత్తుకున్యా. కట్టె పట్టుకోని పోయ్యా, సూడనీ వాళ్లను అని. ఇంటేనా? పెద్దోళ్ల ముందర కట్టె మింద వాలి నిలబడ్తే ఏం మర్యాద అంటాడు. కట్టె సూపిచ్చి అడుక్కున్యట్లుంటాది అంటాడు. పోయిన తూరీ ఇట్లనే. మా మామా గూడా నవ్వింది. మీ ఆయన కాలు ఇరిగిందా, తల ఇరిగిందా అని.”

లోపలి నుంచి కేశవులు గొంతు వినిపించింది: “ఊరుకో రమణా, అదేం మాటలు పెద్దోళ్ల కాడ!”

“ఊరుకోను. మొన్న బస్సు కాడ బోర్లా పడినావే, అది చెప్పినావా? మోచెయ్యి సూపిచ్చినావా? ఆ పొడుగు చేతుల చొక్కా ఎందుకేస్కున్యావో చెప్పు!”

డాక్టర్ ఆదిల్‌కు ఆ భాష తెలియదు గాని, తెరిచిన తలుపులో నుంచి బూట్లు కనిపించాయి. ఆయన లేచి వచ్చి, వంగి, స్ప్లింట్‌ను బూటులో నుంచి తీసి తిప్పి చూశాడు. మడమ దగ్గర ప్లాస్టిక్ నునుపుదేలి అరిగి ఉంది. వాడకుండా అటక మీద పెట్టిన వస్తువు అలా అరగదు.

ఇక్కడ రవీందర్ అభ్యంతరం చెప్పాడు. అది అక్రమమైన అభ్యంతరం కాదు. “గదిల చెప్పిందే రికార్డు. మనిషి నడుస్తా అన్నడు, బస్సుల వచ్చినా అన్నడు. బయట భార్య మాట్లాడింది రాసుడు మొదలుపెడితే రేపు ఆడిట్ల నన్ను పట్టుకుంటరు. మేడమ్, మీరే చెప్పుండ్రి, రూల్ రూలే కదా?”

రూలు రూలేనని ఒప్పుకున్నాను. అయితే అదే రూలు పుస్తకంలో, అప్పీలు బోర్డు అవసరమనుకుంటే క్రియాత్మక పరీక్షను తానే తిరిగి జరపవచ్చునని ఉంది. క్రియాత్మక పరీక్ష అంటే అవయవాన్ని బల్ల మీద పరీక్షించడం కాదు. దైనందిన జీవితంలో చేయవలసిన పనిని చేయించి చూడడం. ఈ అప్పీలులో తేలవలసిన పని ఏది? గది నుంచి బస్సు ఆగే చోటికి, బస్సు దిగి పని చేసే చోటికి నడవడం. ఆ దారిలో షువైఖ్ వైపు భాగం ఈ భవనం గేటు బయటే ఉంది. భార్య మాటలను రికార్డులో చేర్చవద్దు, నడకను చేర్చుదాము అని అధ్యక్షుడికి ఆంగ్లంలో చెప్పాను. డాక్టర్ ఆదిల్ గడియారం చూసుకుని, “యల్లా,” అని ముందుకు నడిచాడు.

కేశవులు బూట్లు తొడుక్కున్నాడు. స్ప్లింట్ పట్టీ బిగించుకున్నాడు. కర్రను భార్య అందించబోతే వద్దన్నాడు. మేము కూడా బలవంతం చేయలేదు. పరీక్షలో సాధనాన్ని అడగవలసింది అర్జీదారే. ఇవ్వజూపడం ఫలితాన్ని మార్చుతుంది. రమణమ్మకు ఆ సంగతి చెప్పి, కర్ర పట్టుకుని వెనుక రమ్మన్నాను. ఆమె కర్రను చంకలో పెట్టుకుని మా వెనుక బయలుదేరింది.

సెప్టెంబరులో షువైఖ్ ఎండ ఎలా ఉంటుందో అక్కడ పనిచేసినవారికి తెలుసు. గేటు దాటగానే లారీలు, ఫోర్క్‌లిఫ్టులు, దారికి అడ్డంగా ఆపిన పికప్‌లు. కాలిబాట ఉన్నచోట దాని అంచు ఎత్తుగా ఉంది, లేనిచోట ఇసుక. మొదట కొంతదూరం కేశవులు మాకంటే ముందు నడిచాడు. అధికారులను తన కోసం ఆపడం ఇష్టం లేనట్లు, మేము ఎండలో నిలబడవలసి వస్తుందన్న తొందర ఉన్నట్లు నడిచాడు. రవీందర్ నా వంక చూశాడు. నేను ఆ పాదం వంకే చూస్తున్నాను. బాగా ఉన్న కాలు త్వరపడుతోంది, గాయపడిన కాలు తుంటి నుంచి విసిరినట్లు వస్తోంది. మొండెం ప్రతి అడుగుకూ ఎడమకు వాలుతోంది. ఇలాంటి నడక ఎంతోసేపు సాగదని నాకు తెలుసు. ఎప్పుడు ఆగుతుందో తెలియదు. ఆ దారిలో లారీ వస్తే పరీక్ష ఆపించాలా వద్దా అని రెండు మూడుసార్లు చెయ్యి పైకెత్తి దించాను.

ఒక గ్యారేజీ ముందు అతడు ఆగాడు. పాత టైర్ల కుప్ప మీద చెయ్యి ఆనించి, ఊరికే ఆగినట్లు రోడ్డు వంక చూశాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మళ్లీ బయలుదేరాడు. కాలిబాట అంచు దగ్గర కుడి పాదం పైకి రాలేదు. బూటు కొన అంచుకు కొట్టుకుంది. ముందుకు పడబోయినవాడిని డాక్టర్ ఆదిల్ రెండు చేతులతో చంక కింద పట్టుకున్నాడు. శస్త్రవైద్యుడి పట్టు గట్టిది. ఇద్దరూ కాసేపు అలాగే నిలబడ్డారు. బస్సు ఆగే చోటు ఇంకా ముందుంది, కనిపిస్తూనే ఉంది.

కేశవులు ఎవరి వంకా చూడకుండా అన్నాడు: “రమణా, ఆ కట్టె ఇట్లియ్యి.”

“ఇప్పుడన్నా అడిగినావు మారాజా,” అంది రమణమ్మ. వెక్కిరిస్తూనే కర్ర పిడిని అతడి వైపుకు తిప్పి అందించింది.

కర్ర సాయంతో అతడు బస్సు ఆగే చోటు వరకు వెళ్లాడు, మధ్యలో మరొకసారి ఆగి. తిరిగి నడిపించవద్దని అధ్యక్షుడు చెప్పాడు. రవీందరే ఫోను చేసి సంస్థ కారు ఒకటి తెప్పించాడు. అది రాగానే ముందు తలుపు తెరిచి, “కూసో అన్నా, ఖలాస్, నడుసుడు అయిపోయింది,” అన్నాడు. రాత పనిలో మాత్రం అతడు మెత్తబడలేదు. అర్జీదారు గదిలో చెప్పిన జవాబులు యథాతథంగా రికార్డులో ఉండాలని పట్టుబట్టాడు. అది సరైనదే. వాటి పక్కన నేను నడక పరీక్షను రాశాను: కర్ర లేకుండా, కర్రతో, ఎక్కడ ఆగాడు, ఎక్కడ తట్టుకున్నాడు, ఎవరు పట్టుకున్నారు. జాలి పుట్టించే మాట ఒక్కటీ రాయలేదు. నివేదికలో జాలి చేరితే, దాన్ని కొట్టివేయడానికి పై అధికారికి అది చాలు.

ముగ్గురం సంతకాలు చేశాము. పూర్తి స్థాయి చలన సౌకర్యం తిరిగి మంజూరైంది, ఏడాది తరువాత సమీక్షకు లోబడి. మొదటి నిర్ణయం వల్ల జరిగిన ఆలస్యాలను ఉద్యోగి తప్పుగా లెక్కించరాదని అధ్యక్షుడు తన చేత్తో ఒక వాక్యం చేర్చాడు. మేనేజరు హెచ్చరికలు రద్దయ్యాయి. ఇఖామా పునరుద్ధరణ అయింది. నా మనసులోని అలజడి అంతటితో పోలేదు. మొదటి బోర్డులో ఉన్నవారు అశ్రద్ధాపరులు కారు; వారు చూసినది చూసినట్లే రాశారు. తలుపు లోపల మాత్రమే చూశారు. అలా తలుపు లోపల చూసి తేల్చిన అర్జీలు ఆ సంస్థలో ఇంకెన్ని ఉన్నాయో అని చాలా రోజులు ఆలోచించాను. బూట్లు విడిచి లోపలికి వచ్చేది కేశవులు ఒక్కడే అయి ఉండడు.

పదవీ విరమణకు ముందు రెండు బోర్డులకూ వర్తించేలా ఒక సవరణ ప్రతిపాదించాను. రవీందరే దానికి సంస్థ భాషలో ముసాయిదా తయారుచేశాడు. దాని ప్రకారం పరిశీలన అర్జీదారు ప్రాంగణంలో అడుగు పెట్టిన చోట మొదలవుతుంది. ఒక సభ్యుడు గేటు దగ్గర ఉండి, అర్జీదారు ఎలా వచ్చాడో, గదిలోకి వచ్చేముందు ఏం విడిచిపెట్టాడో నమోదు చేయాలి. సవరణ ఆమోదం పొందింది.

ఏడాది తరువాతి సమీక్షకు నేనింకా పదవిలోనే ఉన్నాను; గేటు దగ్గర నిలబడిన సభ్యురాలిని నేనే. కేశవులు కారు దిగి, కర్ర పట్టుకుని, స్ప్లింట్ ఉన్న బూటుతో నడిచి వచ్చాడు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు. గది ముందు ఆగి, గోడ పట్టుకుని, బూట్లు విడిచి వరుసగా పెట్టి, కర్రను వాటి పక్కన పడుకోబెట్టి, చొక్కా సర్దుకుని, ఒట్టి కాళ్లతో లోపలికి వెళ్లాడు. లోపల అడిగితే నడుస్తానని మళ్లీ చెప్పాడు. అతడు మారతాడని నేను అనుకోలేదు, మారమని చెప్పడం నా పనీ కాదు. నేను చూడవలసినది బయట ఉంది. చూసి, రాసుకుని, తలుపు వేశాను.